గడియారం ఒకటే... పొద్దు వేరు!

‘‘ఒరే, లెగు. తెల్లారిపోనాది.’’

అక్క గొంతు వినగానే తమ్ముడు ఉలిక్కిపడి లేచాడు. తలగడ పక్కనున్న గడియారం చూసుకున్నాడు. అయిదుకు ఇంకా పది నిమిషాలుంది. కిటికీ బయట చూస్తే తెలతెలవారుతోంది. కొబ్బరి చెట్లు, కోళ్లగూడు, దూరంగా నల్లటి కొండ... అన్నీ కనిపిస్తున్నాయి.

‘‘ఏటక్కా, అయిదవకుండానే తెల్లారిపోతాదా?’’

‘‘ఇక్కడంతే. పొద్దు బేగి వస్తాది, బేగి పోతాది. లెగు, బండి వచ్చీసినాది.’’

తమ్ముడిది పరవాడ మండలంలోని సముద్రపు ఒడ్డు ఊరు ముత్యాలమ్మపాలెం. వయసు అరవై దాటింది. సింహాద్రి థర్మల్ విద్యుత్ కేంద్రంలో కాంట్రాక్టు పనులు చేసి ఈమధ్యే విశ్రాంతి తీసుకున్నాడు. అక్క ఉండేది ఉత్తర అండమాన్‌లోని డిగ్లీపూర్. వేటకెళ్లే మనిషిని చేసుకుని, ఆయన వెంట ఓడెక్కి వెళ్లి నలభై ఏళ్లవుతోంది. పండగలకీ పెళ్లిళ్లకీ ఆవిడే వచ్చి వెళ్లేది. తమ్ముడు అక్క ఇంటి గడప తొక్కడం ఇదే మొదటిసారి.

వచ్చిన రోజునే ఇంటి ముందు నిలబడి ఆ కొండను చూశాడు. అక్క ఉత్తరాల్లో ఎన్నోసార్లు రాసిన కొండ. ‘‘ఇక్కడిదాకా వచ్చి దాని మీదికి ఎక్కకుండా ఎల్తానేటి?’’ అన్నాడు. మేనల్లుడు సరేనన్నాడు. అదీ ఆ డిసెంబరు ఉదయపు హడావుడి.

ఆ కొండ పేరు శాడిల్ పీక్. అండమాన్ దీవులన్నింటిలోకీ ఎత్తయిన శిఖరం.

నాలుగు టవర్లు పేర్చినా...

శాడిల్ పీక్ ఎత్తు 732 మీటర్లు. అదెంత అంటారా? పరవాడ వాళ్లకి చెప్పడం తేలిక. సింహాద్రి విద్యుత్ కేంద్రంలో ఊళ్లన్నింటికీ కనిపించే ఆ కూలింగ్ టవర్ల ఎత్తు 165 మీటర్లు. అలాంటివి నాలుగింటిని ఒకదాని మీద ఒకటి పేర్చినా శాడిల్ పీక్ కొసని అందుకోలేవు. అయితే మన్యంలో వెయ్యి మీటర్లు దాటిన కొండలు చూసినవాళ్లకి ఇదో పెద్ద ఎత్తు కాదు. తేడా ఏంటంటే, అరకు వెళ్లినప్పుడు సగం ఎత్తు రైలో బస్సో ఎక్కించేస్తుంది. ఇక్కడ మాత్రం నడక ఇసుక మీద, అలల పక్కన మొదలవుతుంది. ఒక్క మీటరు కూడా ఎవరూ తగ్గించరు!

గుర్రం మీద వేసే జీనులా మధ్యలో పల్లంగా కనిపిస్తుంది కాబట్టి ఆ పేరు. చుట్టూ ఉన్న అడవిని జాతీయ ఉద్యానవనంగా ప్రకటించారు. విస్తీర్ణం 32 చదరపు కిలోమీటర్ల పైచిలుకు.

అన్నట్టు, అండమాన్ నికోబార్ దీవులంటే సముద్రంలో మునిగిన ఓ పర్వతశ్రేణి తాలూకు తలలే. మయన్మార్‌లోని అరకాన్ యోమా కొండలు దక్షిణానికి సాగి, నీళ్లలోకి దిగి, అక్కడక్కడా తలెత్తి చూస్తున్నట్టుగా ఉంటాయివి. భారత ఫలకం తూర్పున బర్మా ఫలకం కిందికి చొచ్చుకుపోతుంటే, ఆ ఒత్తిడికి సముద్రపు అడుగు పొరలు పైకి లేచి ఏర్పడిన నేల ఇది. ఆ లేవడం ఇప్పటికీ ఆగలేదు. 2002 సెప్టెంబరులో డిగ్లీపూర్ ప్రాంతంలో పెద్ద భూకంపమే వచ్చింది. 2004 డిసెంబరు 26న సునామీ తెచ్చిన భూకంపానికి ఉత్తర అండమాన్ పడమటి తీరం మీటరుకు పైగా పైకి లేచి, నీళ్లలో ఉండాల్సిన పగడపు దిబ్బలు ఎండలోకి వచ్చి పడ్డాయి. అదే రోజు నికోబార్ దక్షిణ కొసనున్న ఇందిరా పాయింట్ నాలుగు మీటర్లకు పైగా కుంగిపోయింది. ఒకే రోజున ఒక కొస లేవడం, మరో కొస దిగడం!

ఓడెక్కితే మన ఊరే

విశాఖపట్నం నుంచి పోర్ట్‌బ్లెయిర్‌కు సముద్రం మీద సుమారు 1,200 కిలోమీటర్లు. ఆ ఊరి పేరును 2024 సెప్టెంబరులో శ్రీవిజయపురంగా మార్చారు గానీ, విశాఖ రేవులో ఓడ కోసం ఎదురుచూసే జనం నోట ఇంకా పాత పేరే. ఓడలో రెండు రోజుల మీద కొన్ని గంటలు. ఆ ఓడలో తెలుగు తెలియనివాడే పరాయివాడు. 2011 జనాభా లెక్కల్లో అండమాన్ నికోబార్ జనం మూడు లక్షల ఎనభై వేలు. అందులో తెలుగు మాతృభాషగా చెప్పినవాళ్లు సుమారు 13 శాతం. అంటే యాభై వేల మంది. వాళ్లలో చాలామంది శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ తీరాల నుంచి బతుకుతెరువు వెతుక్కుంటూ వెళ్లినవాళ్లూ, వాళ్ల పిల్లలే.

ఇష్టం లేకుండా వెళ్లినవాళ్లూ ఉన్నారు. అల్లూరి సీతారామరాజు వెంట నడిచిన గాం మల్లుదొరను తెల్లదొరలు అండమాన్ జైలుకు పంపారు. శిక్ష ముగించుకుని తిరిగొచ్చిన ఆయన, 1952లో విశాఖపట్నం నుంచి లోక్‌సభకు ఎన్నికయ్యారు.

పోర్ట్‌బ్లెయిర్‌లో ఓడ దిగాక డిగ్లీపూర్‌కు రోడ్డు మీద మూడొందల కిలోమీటర్ల పైమాటే. తెల్లవారుజామున బయల్దేరితే చేరేసరికి సాయంత్రమవుతుంది. దారిలో జిర్కాటాంగ్ దగ్గర వాహనాలన్నింటినీ ఆపి, వరుసకట్టి, కాపలాతో పంపిస్తారు. అక్కడి నుంచి జారవాల అడవి. బండి ఆపకూడదు, దిగకూడదు, ఫొటోలు తీయకూడదు. వేల ఏళ్లుగా ఆ అడవిలో ఉంటున్న మనుషుల ఇంటి ముందు నుంచి వెళ్తున్నామన్న సంగతి మరచిపోకూడదనే ఆ కట్టడి. మధ్య అండమాన్‌కూ ఉత్తర అండమాన్‌కూ మధ్యనున్న ఆస్టిన్ క్రీకు మీద 2002లో చెంగప్ప వంతెన వచ్చింది. అంతకుముందు అక్కడా పడవే.

అక్క పెళ్లయి వచ్చిన కొత్తలో ఆ వంతెన లేదు. ‘‘అప్పుడు ఊరెల్లాలంటే ఏడుపొచ్చీసేది. ఇప్పుడు బస్సెక్కితే సాయంత్రానికి పోర్టుబ్లేరే’’ అంటుంది ఆవిడ.

ఇసుక మీద మూడు, ఏటవాలులో అయిదు

డిగ్లీపూర్ నుంచి ఇరవై కిలోమీటర్లు వెళ్తే కాలీపూర్ దాటాక లామియా బే. రోడ్డు అక్కడితో సరి. అటవీశాఖ గేటు దగ్గర పేర్లు రాయించుకుని, రుసుము కట్టి, గైడును వెంటబెట్టుకుని లోపలికి వెళ్లాలి. సంచిలో ఏముందో చూస్తారు. తీసుకెళ్లిన ప్లాస్టిక్ సీసా తిరిగి రావాల్సిందే.

మామా అల్లుళ్లకు దొరికిన గైడు రాంచీ కుటుంబాల కుర్రాడు. బ్రిటిష్ వాళ్ల కాలంలో అడవి పనుల కోసం ఛోటా నాగపూర్ నుంచి తెచ్చిన కూలీల సంతతిని అండమాన్‌లో ‘రాంచీవాళ్లు’ అంటారు. అతగాడు హిందీలో ఒకే ఒక్క షరతు పెట్టాడు.

‘‘పదకొండున్నరకి ఎక్కడుంటే అక్కడి నుంచే వెనక్కి. కొస ఎదురుగా కనిపిస్తున్నా సరే.’’

పరవాడ పెద్దమనిషికి నవ్వొచ్చింది. పదకొండున్నరంటే ఇంకా పూట కూడా గడవదు కదా!

గేటు నుంచి కొసకి ఎనిమిది కిలోమీటర్లు. రావడానికి మళ్లీ ఎనిమిది. మొదటి మూడు కిలోమీటర్లూ తీరం వెంబడే. కాసేపు ఇసుక, కాసేపు గులకరాళ్లు, కాసేపు ఒడ్డునున్న అడవి. మధ్యమధ్యలో సన్నటి వాగులు. వాగు సముద్రంలో కలిసేచోట నీళ్లలో కాలు పెట్టి ఆటలాడటం కుదరదు. అండమాన్ క్రీకుల్లో ఉప్పునీటి మొసళ్లుంటాయి. గైడు ముందు నడిచి, నీళ్లకేసి చూసి, సరేనంటేనే మిగతావాళ్లు దాటాలి.

కాలీపూర్ తీరానికి ఇంకో పేరుంది. తాబేళ్ల తీరం. ఆలివ్ రిడ్లే, లెదర్‌బ్యాక్, గ్రీన్, హాక్స్‌బిల్... ఈ నాలుగు రకాల సముద్రపు తాబేళ్లూ గుడ్లు పెట్టడానికి వచ్చే చోటు దేశంలో చాలా అరుదు. అందులో ఇదొకటి. ఆలివ్ రిడ్లేలు విశాఖ తీరానికీ వస్తాయి. ఇసుక మీద ట్రాక్టరు చక్రాల్లా ఉన్న జాడలు చూడగానే ‘‘ఓలమ్మ, మన తాబేలే!’’ అన్నాడు మామ. వలలో పడ్డ తాబేలును విడిపించి నీళ్లలోకి వదలడం చిన్నప్పుడు తండ్రి దగ్గర చూసినవాడే మరి.

మూడో కిలోమీటరు దాటాక దారి ఒక్కసారిగా కుడికి తిరిగి అడవిలోకి దూరుతుంది. ఇక అక్కడి నుంచి ఎక్కుడే ఎక్కుడు. సింహాచలం మెట్లదారి ఎక్కినవాళ్లకి మోకాళ్ల సంగతి తెలుసు. ఇక్కడ ఆ మెట్లు కూడా లేవు. చెట్ల వేళ్లే మెట్లు. గర్జన్, పడౌక్ చెట్లు నిట్టనిలువుగా పైకి పోయి గొడుగు పట్టినట్టుంటాయి. ఆ గొడుగు కింద గాలి ఆడదు. నడిచే మనిషి ఒంట్లోని నీళ్లు చెమటగా కారిపోతుంటాయి గానీ ఆరవు. అందుకే మూడు లీటర్ల నీళ్లు మోయడం బరువనుకోకూడదు. వానలు వెనకబడిన ఏడాది డిసెంబరులోనూ జలగలుంటాయి. అక్క కట్టిచ్చిన ఉప్పు మూట రెండుసార్లు విప్పాల్సి వచ్చింది.

కొండ పెట్టిన దీపం

సగం ఎత్తుకు వచ్చేసరికి అల్లుడు ఆగి, పడమటి వైపు చెయ్యి చూపించాడు. ‘‘మావయ్యా, ఆ లోయలోంచే కల్పోంగ్ ఏరు ఎల్తాది. మా కరెంటు దానిదే.’’

శాడిల్ పీక్ అడవుల్లో కురిసిన వానే కల్పోంగ్ నది. దాని మీద ఆనకట్ట కట్టి 2001లో జలవిద్యుత్ కేంద్రం మొదలుపెట్టారు. అండమాన్ నికోబార్ దీవుల్లో అదే మొదటిది. ఒక్కొక్కటీ 1.75 మెగావాట్ల యంత్రాలు మూడు. మొత్తం 5.25 మెగావాట్లు.

‘‘ఎంత? అయిదా!’’ మామ పకపకా నవ్వాడు. నవ్వడూ మరి! ఆయన పనిచేసిన సింహాద్రి కేంద్రం సామర్థ్యం 2,000 మెగావాట్లు. ఒక్కో యూనిట్టే అయిదొందలు. రైళ్ల కొద్దీ బొగ్గు, సముద్రం నుంచి తోడుకున్న నీళ్లు, పొగగొట్టాలు, బూడిద చెరువులు... అంత సరంజామా ఉంటే తప్ప దీపం వెలగదని నమ్మిన మనిషి.

‘‘నవ్వకు మావయ్యా. అది రాకముందు అంతా డీజిల్ జనరేటర్లే. ఆ డీజిల్ ఓడలో రావాలి. ఓడ ఆగితే సీకటే. నేను చిన్నప్పుడు కిరసనాయిలు బుడ్డి ముందే సదువుకున్నాను.’’

మామ నవ్వు ఆపేశాడు. మరో రెండు నిమిషాలు ఆ లోయకేసే చూస్తూ నిలబడ్డాడు. కొండ మీద అడవి ఉన్నంతకాలమే ఆ ఏట్లో నీళ్లు. నీళ్లున్నంతకాలమే ఆ మూడు యంత్రాలు. అంటే ఇంతసేపూ చెమటలు కక్కుతూ తిట్టుకుంటూ వచ్చిన ఈ చెట్లే అక్క ఇంటి దీపానికి చమురన్నమాట!

పదకొండున్నర

మామ మోకాలు పదింటికే మొరాయించింది. ప్రతి పావుగంటకూ కూర్చోవాల్సి వచ్చింది. అలా కూర్చుంటూ లేస్తూ ఎక్కేసరికి ఓ చోట చెట్లు పలచబడి, కింద నీలంగా సముద్రం కనిపించింది. చల్లటి మబ్బు ముఖానికి తగిలింది. ‘‘ఇంకెంత?’’ అంటే గైడు, ‘‘మీ నడకకి అరగంట’’ అన్నాడు. అని గడియారం చూపించాడు. సరిగ్గా పదకొండున్నర.

‘‘అరగంటే కదరా! పన్నెండు కూడా కాలేదు. కొస తాకీసి వచ్చీద్దాం.’’

గైడు కదల్లేదు. అల్లుడు నెమ్మదిగా అన్నాడు. ‘‘మావయ్యా, పన్నెండు కానిది మన పరవాడలో. ఇక్కడ మజ్జాన్నం అయిపోనాది.’’

అతను చెప్పింది మాటవరసకి కాదు. లెక్క ప్రకారమే నిజం. భారత కాలమానానికి ఆధారం 82.5 డిగ్రీల తూర్పు రేఖాంశం. మన కాకినాడకు దగ్గరగా పోతుందని బడిలో అందరం చదువుకున్నదే. పరవాడ 83 డిగ్రీల పైన. అంటే మన గడియారానికీ మన సూర్యుడికీ పెద్దగా గొడవల్లేవు. శాడిల్ పీక్ ఉండేది 93 డిగ్రీల దగ్గర. పది డిగ్రీలు తూర్పుకు జరిగితే సూర్యుడు నలభై నిమిషాలు ముందుంటాడు. గడియారం మాత్రం ఢిల్లీదే, పరవాడదే! డిసెంబరు మొదటి వారంలో డిగ్లీపూర్‌లో సూర్యుడు నడినెత్తికొచ్చేది పదకొండు దాటిన పది నిమిషాలకి. అస్తమించేది అయిదుకు పది నిమిషాలుండగా. అదే రోజు పరవాడలో 5.20 దాటాక గానీ పొద్దుగుంకదు. అస్సాం టీ తోటల్లో ఈ బాధ పడలేకే గడియారాన్ని గంట ముందుకు తిప్పి ‘బాగాన్ టైము’ అని పెట్టుకున్నారు. అండమాన్‌లో అదీ లేదు. పొద్దును చూసి నడవడమే.

పైగా అది కూడా బయట వెలుగు లెక్క. అడవి గొడుగు కింద సూర్యాస్తమయానికి ముప్పావుగంట ముందే వేళ్లకూ రాళ్లకూ తేడా తెలియదు. దిగేటప్పుడు మోకాలికి కావాల్సింది సరిగ్గా ఆ తేడానే. కొండ ఎక్కేటప్పుడు అలసట ఆపుతుంది. దిగేటప్పుడు ఆపేది ఏదీ ఉండదు, జారితే తప్ప.

మామ కాసేపు ఏమీ మాట్లాడలేదు. పైకి చూశాడు. మబ్బు. ‘‘పైన ఏటుంటాది?’’ అన్నాడు చివరికి.

‘‘పైనా చెట్లే, మబ్బే. మబ్బు విడిస్తే సముద్రం’’ అన్నాడు గైడు.

‘‘అది రోజూ సూసేదే కదా. పదండి.’’

అంత తేలిగ్గా అన్నాడు గానీ, వెనక్కి తిరిగాక పావుగంట పాటు ఎవరితోనూ పలకలేదు.

దిగుడు లెక్క

గైడు లెక్క ప్రకారం దిగడానికి రెండున్నర గంటలు, తీరం మీద గంట. పదకొండున్నరకు తిరిగితే మూడింటికి గేటు దగ్గరుండాలి. కానీ లెక్కలన్నీ మంచి మోకాళ్లకే. సగం దారిలో ఓ తడి వేరు మీద మామ కాలు జారింది. పెద్ద దెబ్బేం కాదు. మడమ బెణికింది. అల్లుడు తువ్వాలు చింపి బిగించి కట్టాడు. గైడు ఓ కర్ర చేతికిచ్చాడు. అక్కడి నుంచి అడుగులో అడుగు.

అడవి దాటి తీరం చేరేసరికే మూడు దాటింది. ఇసుక మీద మూడు కిలోమీటర్లు కుంటుకుంటూ వచ్చేసరికి కొండ నీడ పూర్తిగా సముద్రం మీదికి పాకింది. తూర్పు తీరం కాబట్టి ఎండ ముందే పోతుంది. వాగు దగ్గర గైడు ఆగి నీళ్లకేసి చాలాసేపు చూశాడు. ఈసారి మామకు నవ్వు రాలేదు. తనూ చూశాడు. ఆ మసక వెలుగులో దుంగకూ మొసలికీ తేడా పోల్చుకోవడం కష్టంగానే ఉంది.

గేటు దగ్గర పుస్తకంలో సంతకం పెడుతూ గడియారం చూశాడు. 4.20. ఎక్కడానికి అరగంట, కొసన ఓ పావుగంట, దిగడానికి మరో అరగంట. ఆ గంటంపావును మనసులోనే కలుపుకున్నాడు. అయిదున్నర దాటిపోయేది. బెణికిన కాలితో, ఆ వాగు దగ్గర, చిమ్మచీకట్లో!

‘‘నీ పదకొండున్నర మంచిదే బాబూ’’ అన్నాడు గైడు భుజం తట్టి.

ఇంటికొచ్చేసరికి అక్క వేడినీళ్లు పెట్టి ఉంచింది. కాలికి పసుపు పట్టు వేస్తూ అడిగింది. ‘‘కొస సూసేవేటి?’’

‘‘లేదక్కా. అరగంట ఉందనగా తిరిగొచ్చీసినాం.’’

‘‘పోనీలే. నలబై ఏళ్లై ఇక్కడున్నాను, నానూ సూడనేదు. ఇంటి ముందు నుంచి సూస్తన్నాను, సాలదేటి?’’

ఇంతలో పరవాడ నుంచి ఫోను. ఆయన భార్య. డాబా మీద ఎండబెట్టిన చేపలు తీస్తున్నానంది. ‘‘ఏటి సేస్తన్నారు?’’ అనడిగింది.

‘‘సీకటడిపోనాది. అక్క దీపాలెట్టీసింది.’’

‘‘అప్పుడే దీపాలేటి! ఇక్కడింకా ఎండుంటేనూ...’’

గోడ గడియారం అయిదూ అయిదు చూపిస్తోంది. నెత్తి మీద బల్బు వెలుగుతోంది. బయట చీకట్లో కొండ కనిపించడం లేదు. తమ్ముడు బల్బు వైపు ఒకసారి చూసి, ‘‘ఉంటాది, ఉంటాది. ఇక్కడ పొద్దు వేరులే’’ అన్నాడు.

వెళ్లాలనుకుంటే...

* డిసెంబరు నుంచి ఏప్రిల్ దాకా అనువైన కాలం. వానల్లో జలగలు, జారుడు ఎక్కువ.

* విశాఖ నుంచి ఓడలు రోజూ ఉండవు. తేదీలు ముందే తెలుసుకోవాలి. విమానంలో అయితే చెన్నై, కోల్‌కతాల మీదుగా పోర్ట్‌బ్లెయిర్. అక్కడి నుంచి డిగ్లీపూర్‌కు బస్సు.

* గేటు దగ్గరికి తెల్లవారగానే చేరాలి. గైడు లేకుండా అడవిలోకి వెళ్లొద్దు. మనిషికి మూడు లీటర్ల నీళ్లు, పట్టున్న బూట్లు, టార్చిలైటు, గుప్పెడు ఉప్పు తప్పనిసరి.

* తిరిగి రావాల్సిన వేళను కింద ఉండగానే ఖాయం చేసుకోండి. పైకెళ్లాక ఆ నిర్ణయం తీసుకోవడం ఎవరి వల్లా కాదు!